వరాలకు ఆవలి ఆనందం

క్రైస్తవ విశ్వాసం దేవుణ్ణి విధేయత చూపవలసిన ప్రభువుగా, పాపాన్ని క్షమించే తండ్రిగా, తీర్పు తీర్చే న్యాయాధిపతిగా చెబుతుందన్న సంగతి ఆ విశ్వాసంతో అంతగా పరిచయం లేనివారికి కూడా తెలుసు. అయితే అదే దేవుణ్ణి మనిషి ఆనందించదగినవాడుగా, అంటే ఆయన చేసే మేలుల కోసం కాక ఆయన కోసమే ఆయనను కోరుకొని, ఆయనలోనే తృప్తి చెందదగినవాడుగా చెప్పిన పాయ ఒకటి ఆ సంప్రదాయంలో మొదటి నుంచీ ఉన్నా, అది చర్చకు వచ్చే సందర్భాలు తక్కువ. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్‌లో సమావేశమైన వేదాంతులు 1647లో సిద్ధం చేసిన లఘు ప్రశ్నోత్తరి, అంటే పిల్లలకూ కొత్త విశ్వాసులకూ ప్రశ్నలు జవాబుల రూపంలో సిద్ధాంతం నేర్పే చిన్న పుస్తకం, మనిషి జీవితానికి ముఖ్యోద్దేశం ఏమిటన్న ప్రశ్నతో మొదలై, దేవుణ్ణి మహిమపరచడాన్నీ ఆయనయందు నిత్యం ఆనందించడాన్నీ ఒకే జవాబులో చేర్చి చెబుతుంది. కఠినమైన నియమనిష్ఠలకు పేరుపడిన ప్యూరిటన్ల కాలంలో, ఆజ్ఞల కన్నా ముందు, పాపాల పట్టిక కన్నా ముందు, ఆనందం అన్న మాట మొదటి జవాబులోనే చోటు చేసుకోవడం ఆలోచించవలసిన విషయం.

ఆ ఆనందం ఎందుకు నిలుస్తుందని ఆ సంప్రదాయం నమ్మిందో తెలుసుకోవాలంటే, తక్కినవి ఎందుకు నిలవవని అది భావించిందో ముందుగా చూడాలి. బైబిలులోని ప్రసంగి గ్రంథం తోటలు, భవనాలు, ధనం, సంగీతం, జ్ఞానం అన్నిటినీ చవిచూసిన రాజు గొంతుతో వాటి డొల్లతనాన్ని చెబుతుంది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ సంపద, గౌరవం, కీర్తి, అధికారం, దేహారోగ్యం, భోగం అంటూ ఒక్కొక్కదాన్ని పరీక్షకు పెట్టి, సృష్టిలోని ఏ వస్తువూ మనిషికి పరమ సుఖం కాజాలదని తర్కబద్ధంగా తేల్చాడు. కానీ ఈ సంగతిని గ్రంథంలో కాక సొంత గుండెలో పరీక్షించి, ఆ పరీక్షను దాపరికం లేకుండా రాసిపెట్టినవాడు అగస్టీను. క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తే అనే చిన్న పట్టణంలో పుట్టి, తరువాత హిప్పో నగరానికి బిషప్ అయిన ఈయన, 397 నుంచి 400 వరకు గల కాలంలో రాసిన ‘ఒప్పుకోళ్లు’ అనే గ్రంథం మొదటి నుంచి చివరి దాకా దేవునితో నేరుగా మాట్లాడే ప్రార్థనగా సాగుతుంది.

ఆ గ్రంథం ఆరో భాగంలో మిలాన్ వీధిలో జరిగిన ఒక చిన్న సంఘటన ఉంది. 384లో మిలాన్‌లో వక్తృత్వ శాస్త్ర ఆచార్యుడిగా ఉద్యోగం సంపాదించిన అగస్టీను, చక్రవర్తిని పొగుడుతూ ప్రసంగం చేయవలసిన రోజున, ఆ ప్రసంగంలో చెప్పబోయే అబద్ధాలూ వాటికి వినేవారి మెప్పూ మనసులో మెదులుతుండగా మిత్రులతో కలిసి నడుస్తూ, కడుపునిండా తాగి నవ్వుతూ తుళ్లుతూ ఉన్న ఒక బిచ్చగాణ్ణి చూశాడు. అడుక్కున్న నాలుగు నాణేలతో ఆ మనిషికి దక్కిన సంతోషం కోసమే తాము ఇంత చదువు చదివి, ఇంత ఆందోళన మోస్తూ, ఇన్ని మెలికలు తిరిగి పరుగెడుతున్నామని, అయినా అది తమకు ఇంకా అందలేదని ఆయన తోడున్నవారితో అన్నాడు. బిచ్చగాడి సంతోషం నిజమైనదని ఆయన ఎక్కడా అనలేదు. ఆ మత్తు ఆ రాత్రి నిద్రతో దిగిపోతుందని, తనకెక్కిన కీర్తి మత్తు మాత్రం తనతోపాటే నిద్రపోయి తనతోపాటే లేచి మర్నాడూ ఆ మర్నాడూ వెంటాడుతుందని మాత్రం ఎంతో బాధతో గుర్తించాడు. పదోన్నతి కోసం, పేరు కోసం, పిల్లల విదేశీ చదువుల కోసం ఏళ్ల తరబడి తృప్తిని వాయిదా వేసుకునే నేటి మధ్యతరగతి మనిషి పదహారు వందల ఏళ్ల నాటి ఈ పేజీ చదివితే అది తన గురించే రాసినట్టు తోచకపోదు.

అయితే అగస్టీను ఆలోచనలో లోతైన మలుపు కీర్తి విషయంలో కాక ప్రేమ విషయంలో కనిపిస్తుంది. కీర్తిని వదులుకొమ్మని ఏ వేదాంతి అయినా సులభంగా చెప్పగలడు. స్నేహితుణ్ణి, తల్లిని, బిడ్డను ప్రేమించడం తప్పా అన్న ప్రశ్నకు జవాబు అంత సులభం కాదు. యువకుడిగా తగాస్తేలో బోధిస్తున్న రోజుల్లో ఆయన ప్రాణమిత్రుడు ఒకడు జ్వరంతో చనిపోయినప్పుడు ఆయనకు సొంత ఊరే శిక్ష అయింది, పుట్టిన ఇల్లే దుర్భరమైంది, ఇద్దరూ కలిసి తిరిగిన ప్రతి చోటూ అతడు లేడన్న సంగతినే గుర్తు చేసింది. చివరికి ఆ ఊరే విడిచి కార్తేజ్ నగరానికి వెళ్లిపోయాడు. చాలా ఏళ్ల తరువాత ఆ దుఃఖాన్ని తిరిగి తలచుకుంటూ, మరణించక తప్పని మనిషిని ఎన్నడూ మరణించనివాడిలా ప్రేమించడమే తన వేదనకు మూలమని ఆయన రాసుకున్నాడు. దీనికి ఆయన చెప్పిన మందు ప్రేమను తగ్గించుకోవడం కాదు. మిత్రుణ్ణి దేవునిలో ప్రేమించేవాడు అతణ్ణి ఎన్నటికీ పోగొట్టుకోడని, ఎందుకంటే పోగొట్టుకోజాలని వాని దగ్గరే ఆ ప్రేమంతా భద్రంగా ఉంటుందని ఆయన అన్నాడు.

ఈ అనుభవానికి ‘క్రైస్తవ బోధ’ అనే గ్రంథంలో ఆయన సిద్ధాంత రూపం ఇచ్చాడు. దాని ప్రకారం మనిషి దేనినైనా రెండు విధాలుగా కోరుకుంటాడు: మరో దాన్ని చేరడానికి సాధనంగా కోరడం ఒకటి, దాని కోసమే దాన్ని కోరి దానిలోనే ప్రేమతో నిలిచిపోవడం మరొకటి. ఈ రెండో కోరికకు పూర్తిగా తగినవాడు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అయిన దేవుడొక్కడేనని, తక్కినవన్నీ ఆయన వైపు నడిపించినంత మేరకు ప్రేమార్హాలని అగస్టీను వాదం. తోటి మనిషిని కూడా సాధనంగా చూడమంటున్నట్టు ధ్వనించే ఈ విభజనను తరువాతివారు కొందరు తప్పుపట్టారు, ఆ విమర్శలో కొంత న్యాయం లేకపోలేదు. ఆయన కూడా పొరుగువాణ్ణి ప్రేమించడం గురించి అదే గ్రంథంలో తర్జనభర్జన పడ్డాడు. అయినా ఆయన చెప్పదలచుకున్న మాట స్పష్టం: ప్రేమలకు ఒక క్రమం ఉంది, ఆ క్రమం చెడినప్పుడు మంచివైన వాటి నుంచే మనిషికి గాయం తగులుతుంది. భర్తనో బిడ్డనో దేవుడి స్థానంలో కూర్చోబెడితే, మోయలేని బరువు మోయమని ఆ మనిషిని అడిగినట్టవుతుంది. ఆ బరువుకు ప్రేమించేవారూ ప్రేమ పొందేవారూ ఇద్దరూ నలుగుతారు.

ఇలాంటి బోధ మనిషిని బండబారిన హృదయం వైపు నడిపిస్తుందేమోనన్న అనుమానం సహజమే. దానికి జవాబు కూడా అగస్టీను జీవితంలోనే దొరుకుతుంది. 387లో ఈస్టరు పండుగకు మిలాన్‌లో బిషప్ ఆంబ్రోస్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందిన కొద్ది నెలలకు, ఆఫ్రికాకు తిరిగి వెళ్లే దారిలో రోము దగ్గరి ఓస్తియా రేవులో ఆయనా తల్లి మోనికా ఒక కిటికీ దగ్గర నిలబడి పరలోక జీవితం గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటల మధ్య సృష్టి అంతటినీ దాటి, శాశ్వత జ్ఞానాన్ని ఒక్క క్షణం గుండెతో తాకి, మళ్లీ మామూలు మాటల సవ్వడిలోకి దిగివచ్చినట్టు ఆయన రాశాడు. ఆ తరువాత కొద్ది రోజులకే మోనికా జబ్బుపడి తన 56వ ఏట కన్నుమూసింది. తల్లి పరలోక నిరీక్షణతో వెళ్లింది గనుక ఏడవడం తగదనుకొని ఆయన కన్నీళ్లు బిగబట్టాడు, బిగ్గరగా ఏడ్చిన తన కొడుకును తక్కినవారితో కలిసి వారించాడు, సమాధి చేసి వచ్చాక దుఃఖం దిగుతుందేమోనని స్నానానికి కూడా వెళ్లాడు, ఏదీ పనిచేయలేదు. ఒక నిద్ర తరువాత, ఆంబ్రోస్ రాసిన ఒక సాయంకాల కీర్తన గుర్తుకొచ్చి, దేవుని ఎదుట ఏడ్చాడు. ఇన్నేళ్లు తన కోసం ఏడ్చిన తల్లి కోసం గంటసేపైనా కాకుండా ఏడ్చినందుకు ఎవరైనా తప్పుపట్టదలిస్తే, తనను నవ్వే బదులు తన పాపాల కోసం ఏడవమని పాఠకుణ్ణి వేడుకున్నాడు. దేవునిలో ఆనందించడం నేర్చిన మనిషి ఏడవడం మానలేదు. ఎవరి ఎదుట ఏడవాలో తెలుసుకున్నాడు.

ఇక్కడ ఇంకా కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. మనిషి దేవునిలో ఆనందిస్తున్నాడా, దేవుడిచ్చిన వాటిలో ఆనందిస్తూ దానికి భక్తి అని పేరు పెట్టుకున్నాడా? ఈ ప్రశ్నను బైబిలులో మొదట లేవనెత్తినవాడు సాతాను. యోబు గ్రంథం ఆరంభంలో, పిల్లలూ పశుసంపదా పేరూ సమృద్ధిగా ఉన్న యోబు జీతం లేకుండా భక్తి చేస్తాడా, కంచె తీసేసి చూడు అని అతడు దేవుణ్ణి సవాలు చేస్తాడు. అడిగినవాడు విరోధి అయినా, ఆ ప్రశ్న నుంచి ఏ భక్తుడూ తప్పించుకోలేడు.

తెలుగు సంఘాల్లో ఈ ప్రశ్న సాక్ష్యాల వేళ ఎదుటికి వస్తుంది. ఆదివారం ఆరాధనలో కాపరి అవకాశం ఇవ్వగానే ఒక తల్లి లేచి, చెంగు తల మీదికి సర్దుకొని, కొడుక్కు ఉద్యోగం వచ్చిందనో బిడ్డకు సంబంధం కుదిరిందనో గద్గద స్వరంతో చెప్పి, ముడుపుగా దాచిన కృతజ్ఞతార్పణ కవరు బల్ల మీద పెట్టి వస్తుంది. సంఘమంతా స్తోత్రం చెబుతుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక చాలా చోట్ల విశ్వాసులు వరుసలో వెళ్లి కొత్త సంవత్సరానికి వాగ్దాన కార్డు తీసుకొని, అందులోని వచనాన్ని ఇంట్లో గోడకు అతికించుకుంటారు. ఈ ఆచారాలను చిన్నచూపు చూడడం అన్యాయం. మేలు పొందినవాడు మేలు చేసినవాణ్ణి తలచుకోవడం కృతజ్ఞతకు మొదటి మెట్టు, ఆ మెట్టు ఎక్కనివారు పైమెట్టు ఎక్కలేరు. విచారించవలసింది ఒక్కటే: ఉద్యోగం రాని కొడుకు తల్లికి, సంబంధం తప్పిపోయిన బిడ్డ తండ్రికి అదే ఆరాధనలో లేచి చెప్పుకోదగిన సాక్ష్యం ఏదైనా మిగిలి ఉంటుందా అన్నది. మిగలకపోతే, ఆ సంఘం తనకు తెలియకుండానే సాతాను ప్రశ్నకు అతడు ఆశించిన జవాబే ఇచ్చినట్టవుతుంది.

అలా మిగిలిన సాక్ష్యాలు బైబిలులో చాలా ఉన్నాయి. 73వ కీర్తనలో ఆసాపు, దుష్టులు బలిసి నిశ్చింతగా బతుకుతుండగా తన భక్తి వ్యర్థమైందని కుమిలి, అడుగు జారిపోయే దాకా వెళ్లి, దేవుని పరిశుద్ధ స్థలంలో ప్రవేశించాక, దేవుడుండగా లోకంలో తనకు కావలసినది మరొకటి లేదనే ఒప్పుకోలుకు చేరతాడు. హబక్కూకు ప్రవక్త అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, గొర్రెల దొడ్డి, పశువుల కొట్టం అంటూ ఒక రైతు కుటుంబానికి ఆధారమైన ఒక్కొక్కదాన్నీ పేరుపేరునా లెక్కపెట్టి, ఇవన్నీ పోయినా యెహోవాయందు ఆనందిస్తానంటాడు. పంట పోవడమంటే ఏమిటో తెలిసినవారికి ఆ పట్టిక అలంకారంగా వినబడదు. ప్రవక్త ఆకలిని తేలిక చేయడం లేదు, శత్రుసేన రాక తలచుకొని తన ఒళ్లు వణికిందని కూడా ఆ మాటలకు ముందే చెప్పుకున్నాడు. వణుకూ ఆనందమూ ఒకే నోట, ఒకే ప్రార్థనలో వచ్చాయి.

కొత్త నిబంధనలో ఈ విషయం మీద అందరూ ఎత్తి చూపేది ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక. నాలుగే అధ్యాయాల ఆ చిన్న ఉత్తరంలో సంతోషం, ఆనందించడం అనే అర్థమిచ్చే మాటలు పది సార్లకు పైగా వస్తాయి, రాసినవాడు బంధకాల్లో ఉన్నాడు. ఆ ఉత్తరం అందుకున్న సంఘానికి ఈ సంగతి కొత్తది కాదు: మాసిదోనియాలోని అదే ఫిలిప్పీ పట్టణంలో పౌలూ సీలా బెత్తాల దెబ్బలు తిని, కాళ్లు బొండలో బిగించబడి, అర్ధరాత్రి చెరసాలలో పాటలు పాడారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. ఏ స్థితిలోనైనా తృప్తిగా ఉండడం తాను నేర్చుకున్నానని పౌలు చివరి అధ్యాయంలో రాశాడు. ఆనాటి గ్రీకు లోకంలో స్టోయిక్ తత్వవేత్తలు కూడా ఇలాంటి తృప్తినే బోధించేవారు. అయితే వారి తృప్తి ఎవరి మీదా ఆధారపడని మనిషి ఆత్మనిగ్రహం, పౌలుది తనను బలపరిచే క్రీస్తు మీద పూర్తిగా ఆధారపడిన మనిషి నిబ్బరం. తనను బలపరిచేవానియందు సమస్తం చేయగలనంటూ, పరీక్షల కాలంలో విద్యార్థులు పుస్తకం మొదటి పేజీలో రాసుకునే ప్రసిద్ధ వచనం ఈ సందర్భంలోదే, కానీ అక్కడ పౌలు చెబుతున్నది గెలవగల శక్తిని గురించి కన్నా, కడుపు నిండినా మాడినా చెదరకుండా ఉండగల శక్తిని గురించి.

ఆ పత్రికలో తరచూ కళ్లబడకుండా పోయే ఒక వాక్యం ఉంది. ఫిలిప్పీ సంఘం పంపిన కానుక తెచ్చిన ఎపఫ్రొదితు చావు దాకా జబ్బుపడి కోలుకున్నప్పుడు, దేవుడు అతణ్ణి మాత్రమే కాక తననూ కనికరించాడని, లేకపోతే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని పౌలు రాశాడు. సంతోషించమని అన్నిసార్లు చెప్పినవాడే మిత్రుడు పోతే గుండె బద్దలయ్యేదని ఒప్పుకుంటున్నాడు. క్రైస్తవ ఆనందాన్ని చెదరని చిరునవ్వుగా బోధించేవారు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగడం మంచిది.

పౌలు నేర్చుకున్నానన్నాడు గనుక అది నేర్చుకోదగినదే. అయితే నేర్పే బడి ఏది? సంప్రదాయం చెప్పే జవాబులు పాతవే: వాక్య ధ్యానం, ప్రార్థన, ప్రభు భోజనం, తోటివారి సహవాసం, అన్నిటితోపాటు పాట. 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890లో మరణించిన పురుషోత్తమ చౌదరి వంటివారు కర్ణాటక రాగతాళాల్లో కీర్తనలు కట్టడంతో తెలుగు క్రైస్తవుడికి ఈ బడి సొంత గొంతుతోనే దొరికింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. ఆ పుస్తకంలోని స్తుతి కీర్తనలు వరుసగా పాడుకుంటూ పోతే, ఏమీ అడగకుండా దేవుని గుణాలను మాత్రమే తలచుకుంటూ చాలాసేపు గడపవచ్చునని, అలా గడపడం కూడా ప్రార్థనేనని పాడేవారికి క్రమంగా తెలిసివస్తుంది. విన్నపం నుంచి స్తుతికి జరిగే ఈ ప్రయాణమే వరాల నుంచి దాత వైపు ప్రయాణం. అది ఒక్క ఉజ్జీవ కూడికలో పూర్తయ్యేది కాదు.

ఇంతా చెప్పాక, ఆ ఆనందం ఎన్నడూ అనుభవంలోకి రాకుండా మిగిలిపోయిన విశ్వాసుల మాట దాటవేయడం నిజాయితీ కాదు. 18వ శతాబ్దపు ఆంగ్ల కవి విలియం కౌపర్ 1767లో ఓల్నీ అనే ఊరికి వచ్చి, ఒకప్పుడు బానిసల ఓడ నడిపి తరువాత పశ్చాత్తాపంతో గురువు అయిన జాన్ న్యూటన్‌కు పొరుగువాడయ్యాడు. లేసు అల్లి బతికే పేదలు ఎక్కువగా ఉన్న ఆ ఊరి ప్రార్థన కూడికల కోసం ఇద్దరూ కీర్తనలు రాశారు. 1773లో కౌపర్ మనోవ్యాధి తిరగబెట్టి, దేవుడు తనను శాశ్వతంగా విడిచిపెట్టాడన్న నమ్మకం ఆయనలో పాతుకుపోయింది; ఆ తరువాత ఆయన ఆరాధనకు వెళ్లడం మానేశాడు, 1800లో మరణించేదాకా ఆ నిరాశ పూర్తిగా వదలలేదు. ఇది అవిశ్వాసమని, తగినంత ప్రార్థించకపోవడమని తేల్చిపారేసే బోధ ఈనాటికీ వినబడుతూనే ఉంది. అది క్రూరమైన బోధ, పైగా తప్పుడు బోధ. మనసుకు వచ్చే జబ్బు దేహానికి వచ్చే జబ్బు లాంటిదే. దానికి వైద్యం అవసరం, దాన్ని బట్టి దేవుడు ఆ మనిషికి దూరమయ్యాడో దగ్గరయ్యాడో కొలవడం కుదరదు.

న్యూటన్ అలా కొలవలేదు. జబ్బు ముదిరిన రోజుల్లో కౌపర్‌ను ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకొని కనిపెట్టుకున్నాడు. మిత్రుడి అనారోగ్యం వల్ల ఆగిపోయిన కీర్తనల సంపుటిని 1779లో ప్రచురించినప్పుడు, ఆ జాప్యానికి కారణాన్ని ముందుమాటలో ప్రేమగా చెప్పి, కౌపర్ రాసిన ప్రతి కీర్తనకూ ఆయన పేరులోని మొదటి అక్షరాన్ని గుర్తుగా వేయించాడు. దేవుని మార్గాలు మర్మమైనవైనా ఆయన దయ నమ్మదగినదని చెప్పే కీర్తన కూడా వాటిలో ఉంది. రాసిన మనిషి ఆ మాటలను తన విషయంలో నమ్మలేకపోయిన ఏళ్లలో కూడా, ఆయననూ కలుపుకొని, తక్కినవారు వాటిని నమ్మి పాడారు.